అడవిపందికి నేనిచ్చిన అనుమతి

నేను సర్పంచిగా ఉన్న ఐదేళ్లలో లెక్కలేనన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాను. పుట్టిన సర్టిఫికెట్లు, చచ్చిన సర్టిఫికెట్లు, ఇంటి అనుమతులు, గ్రామసభ తీర్మానాలు. కార్యదర్శి వేలుతో చూపించిన చోటల్లా పెట్టుకుంటూ పోయాను. రెండు మాత్రం అక్షరం అక్షరం చదివి పెట్టాను. ఒకటి మా బావ శవానికి పోలీసులు రాసిన పంచనామా. రెండోది ఒక అడవిపంది శవానికి ఫారెస్టు వాళ్లు రాసిన పంచనామా. రెంటికీ మధ్య నెల కూడా లేదు.

బావ అంటే మా ఇంటాయనకు అన్న. మా ఊరు రామన్నపేట అవతల, గుట్ట కింద ఉంటుంది. బావకు ఆ గుట్ట వారన మూడెకరాల చెలక ఉండేది. బోరు నీళ్లతో యాసంగిలో పల్లి వేసేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గుట్ట మీద నెమళ్లు, కుందేళ్లు తప్ప ఇంకేవీ ఎరగం. తర్వాత గుట్టకు అవతలి పక్క క్వారీ పడింది. రాయి పేలిన ప్రతిసారీ ఇటు పక్క మా ఇళ్లల్లో గిన్నెలు కదిలేవి. ఆ పేలుళ్లకు బెదిరో, అక్కడి వాగు ఎండిపోయో, పందులు గుంపులు గుంపులుగా ఇటు దిగి సర్కారు తుమ్మల్లో కాపురం పెట్టాయి. పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలూ పిల్లల్ని పెట్టాయి.

పంటలు పాడుచేసే అడవిపందుల్ని చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం ఇకనుంచి సర్పంచులదేనని మండలాఫీసు మీటింగులో చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ అధికారం కోసం మాకొక పేరు కూడా పెట్టారు, గౌరవ వన్యప్రాణి సంరక్షకులు అని. చంపమని రాసిచ్చేవాళ్లను సంరక్షకులనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారని అడగలేదు. నా వెనక వరుసలో కూర్చున్న ఒక సర్పంచి, "ఇగ ఆయితారం ఆయితారం పందికూరనే" అన్నాడు. అందరూ నవ్వారు. తినడానికి వీల్లేదు, లైసెన్సు ఉన్న తుపాకీతో, జాబితాలో పేరున్న షూటరే కాల్చాలి, ఫారెస్టు వాళ్ల ముందర పాతిపెట్టాలి అని అధికారి చెప్పాక నవ్వులు ఆగాయి.

ఆ అధికారం నాకు అవసరపడిన ఏడాది, బావ చేను పువ్వు దిగి ఊడలు వేసే దశలో ఉంది. ఒక పొద్దున మా అక్క, అంటే బావ భార్య, నా తోడికోడలు, కొంగు నిండా ఏదో పట్టుకుని వచ్చి మా వాకిట్లో కుమ్మరించింది. వేళ్లతో సహా లేచిన పల్లి చెట్లు. ఊడల చివర పాలుగారే పిందెలు, గోరంత గోరంత ఉన్నాయి.

"చూడు చెల్లె. నాగలి కట్టి దున్నినట్టు దున్నిపోయినయి. ఒక్క వారనే గిన్ని."

ఆమె వెనక బావ నిలబడి ఉన్నాడు. తమ్ముడి భార్యనని, నా కాపురం మొత్తంలో ఆయన నాతో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఏమైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. ఆ రోజు నా మొఖంలోకి చూసి అన్నాడు.

"నీ చేతుల అధికారం ఉన్నదట గద సర్పంచమ్మా. రాసియ్యి."

ఆయన అప్పటికే చేయాల్సినవన్నీ చేశాడు. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టాడు. అవి చాలక అక్క పెట్టెలోని పెళ్లి చీర కూడా తీసుకుపోయి కట్టాడు. మంగలి దుకాణంలో ఊడ్చిన వెంట్రుకలు సంచుల్లో తెచ్చి గట్ల పొంటి చల్లాడు. మైకు కొని కుక్కల మొరుగుడు పెట్టాడు. మూడు రోజులు పందులు దూరంగా ఉన్నాయి. నాలుగో నాడు మైకు కట్టిన గుంజ మొదట్లోనే తవ్విపోయాయి. విత్తనం వేసిన ఆ రెండు నెలల్లో ఆయన ఇంట్లో పడుకున్నది లేదు. మంచె మీదే ఉండేవాడు. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు తీసేవాడు.

దరఖాస్తు నేనే దగ్గరుండి రాయించాను. బీట్ ఆఫీసరమ్మ స్కూటీ మీద వచ్చింది. మా బిడ్డ వయసుంటుంది. చేనంతా తిరిగి, గిట్టల గుర్తులకు టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీసుకుంది. వెళ్లేముందు బావకు చెప్పింది.

"బాపూ, ఒక్క మాట. ఉచ్చులు పెట్టొద్దు. కరెంటు అస్సలే పెట్టొద్దు. తీగ పెడితే పందే తాకాల్నని లేదు. నక్క తాకుతది, నెమలి తాకుతది, గొర్లోల్లు తాకుతరు. అయ్యి గూడ ఏం జేస్తయి చెప్పు, గుట్ట మీద తాగెతందుకు నీళ్లు లేవు."

"నా చేన్ల నీళ్లున్నయని వచ్చినయా మరి?" అన్నాడు బావ. ఆ అమ్మాయి టేపు చుట్టి స్కూటీ ఎక్కింది.

మర్నాడే అనుమతి కాగితం మీద సంతకం పెట్టాను. ముద్ర నేనే వేశాను. ఎన్ని పందులు, ఏ సర్వే నంబరులో, ఎన్నాళ్లలోపు, అంతా రాసి ఉంది. పిల్లల్ని వెంటేసుకున్న పందిని కాల్చకూడదని కూడా ఉంది. బావ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జేబులో దాచుకున్నాడు.

జాబితాలోని షూటరు హైదరాబాద్‌లో ఉండే పెద్దమనిషి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడాడు. మాట్లాడి, నా కాళ్ల కింద నేల లాగేశాడు.

"ఎలక్షన్ కోడ్ పడ్డది గదమ్మా. లైసెన్సు తుపాకులన్నీ ఠాణాల జమ జేయాలె. నాది గూడ జమ జేసిన. ఓట్లు లెక్కవెట్టి కోడ్ తీసేసేదాంక నా తుపాకి నా చేతుల లేదు."

"ఎన్నొద్దులు పడ్తది సార్?"

"నెల దాటుతదమ్మా."

నెల దాటితే పల్లి పీకే టైమే వస్తుంది. జాబితాలో ఉన్న మిగతా వాళ్లకూ చేశాను. అందరి తుపాకులూ అక్కడే ఉన్నాయి. జిల్లా ఆఫీసుకు పోయి అడిగాను. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కోడ్ కోడే. బస్సులో తిరిగొస్తుంటే దారి పొడవునా పార్టీల జీపులు, పాటలు. పల్లి చేను తవ్వుతున్న పందుల గురించి ఆ మైకుల్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

బావకు ఈ సంగతి చెప్పడం నా వల్ల కాలేదు. మా ఇంటాయనతో చెప్పించాను. ఆ తర్వాత బావ రోజూ పొద్దున మా గడప దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. చాయ్ ఇస్తే తాగేవాడు. తాగి, "ఇయ్యాల ఉత్తరం దిక్కు రెండు సాళ్లు" అనో, "బోరు దిక్కు సగం మడి" అనో చెప్పి లేచి వెళ్లేవాడు. కళ్లు లోపలికి పోయాయి. గడ్డం పెరిగింది. ఆయన వచ్చే టైముకు నేను వెనక గుమ్మంలోంచి బయటికి పోవడం మొదలుపెట్టాను. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఒక పది రోజులు ఆయన రాలేదు. నాకు కాస్త ఊపిరి ఆడింది. పందులు తగ్గాయేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం చేను చూసొద్దామని నేనే పోయాను.

చేను చుట్టూ మోకాలెత్తుకు కట్టె మేకులు పాతి ఉన్నాయి. మేకు నుంచి మేకుకు సన్నని ఇనుప తీగ. అది పోయి పోయి బోరు పక్కన కరెంటు స్తంభం దగ్గర ఆగింది. కొస కొక్కెంలా వంచి ఉంది. పొద్దుగూకినాక దాన్ని పైన లైనుకు తగిలించి, తెల్లారాక తీసేస్తున్నాడు. రెండు పందుల్ని అప్పటికే పాతేశాడని తర్వాత తెలిసింది.

అక్క గట్టు మీద కలుపు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. బావ మంచె కింద కూర్చున్నాడు.

"బావా, గిదేంది?"

"కండ్లకు కనవడ్తలేదా?"

"మనిషి తాకితే?"

"గిటు మనుషులెవరొస్తరు? నేనొక్కన్నే."

"నేను సర్పంచిని బావా. నా ఇంట్లనే గిట్ల జేస్తే ఊళ్లె ఎవలకు చెప్పాలె?"

ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. నా సంతకం ఉన్న కాగితాన్ని నా ముందు పట్టుకున్నాడు.

"గీ కాగితం జూపిస్తె పందులు పోతయా? చెప్పు. పోతయంటే ఇప్పుడే పీకేస్త."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "జర ఓపిక పట్టు చెల్లె. పది పదిహేనొద్దులైతే కాయ చేతికొస్తది. గప్పుడు మేమే తీసేస్తం."

నేను కదలలేదు. తీసేస్తానని మాట ఇస్తే గాని పోనన్నాను. ఎండలో అట్లాగే నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన, "ఆయితారం తీసేస్త, పో" అన్నాడు. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. అప్పుడే తీయించాల్సింది. నేనే మేకులు పీకి పారేయాల్సింది. మాట ఇచ్చాడు కదా అని వచ్చేశాను.

దారిలో ఫోన్ మోగింది. బీట్ ఆఫీసరమ్మ. ఊరూరా సర్పంచులకు చేస్తోందట. "అక్కా, మీ ఊర్లె ఎవరన్న తీగ పెట్టిన్రా? చెప్తె నేనొచ్చి మాట్లాడ్త. కేసుల దాంక పోకుంట జూస్త."

"లేదమ్మా. మా ఊర్లె ఎవలు పెట్టలే" అన్నాను.

నేను ఆ మాట అంటున్నప్పుడు మా ఊరి కరెంటు లైన్‌మన్ ఇంటి ముందే ఉన్నాను. అతను బయట సైకిల్ తుడుచుకుంటున్నాడు. "ఏం సర్పంచమ్మా, ఎండల పడి ఎటు పోయినవు?" అని పలకరించాడు. చేనుకు పోయొచ్చానని చెప్పి ఇంటికి వచ్చాను.

ఆదివారం తెల్లవారేసరికి ఊళ్లో కరెంటు లేదు. నేను వాకిలి ఊడ్చి, నీళ్ల ట్యాంకు నింపాలని మోటారు స్విచ్ వేసి పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు పొడిచిన కాసేపటికి మోటారు మోగింది. అమ్మయ్య, కరెంటు వచ్చిందనుకున్నాను. సంతోషపడ్డాను. కుండలు కడిగి పెట్టుకున్నాను.

ట్యాంకు సగం కూడా నిండలేదు. అక్క కేక వినిపించింది. చేను నుంచి ఊళ్లోకి పరుగెత్తుకుంటూ వస్తోంది. మనిషి గొంతులా లేదు అది.

బావ ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికే పోయాడు. ఎటూ కరెంటు లేదు కదా అని కొక్కెం దించకుండానే తీగ చుట్టడం మొదలుపెట్టాడు. రెండు వైపుల మేకులు పీకి ఒక దగ్గర పేర్చాడు. ఆ రెండు వైపుల తీగను కర్రకు చుట్టాడు, తర్వాత ఎక్కడైనా పనికొస్తుందన్నట్టు నీటుగా, వరసగా. మూడో వైపు సగంలో ఉండగా కరెంటు వచ్చింది.

మా ఇంటాయన ఎండు కర్రతో కొక్కెం దించాడు. నేను బావ తలను ఒళ్లో పెట్టుకున్నాను. బతికుండగా ఆయన ముందు కొంగు సర్దుకోకుండా నిలబడిన దాన్ని కాదు. ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. భువనగిరి దవాఖానకు తీసుకుపోదామని ఎవరో ఆటో తెచ్చారు. తీసుకుపోవాల్సిందేమీ లేదని అందరికీ తెలుసు. అయినా ఎక్కించారు, అక్క ఎక్కించమంటే.

పోలీసులు పంచనామా రాసేటప్పుడు ఊరి పెద్దగా నన్ను పిలిచారు. ఎస్సై నెమ్మదైన మనిషి. "ఈ తీగ సంగతి మీకు ముందుగల్ల ఎరుకేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. మా ఇంటాయన ముందుకొచ్చి, "ఆడమనిషి సార్, ఆమెకేం ఎరుకైతది" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. కాగితం చదివాను. కుడి అరచేయి, ఎడమ మోకాలు, గడ్డం కింద. ఏ గాయం ఎంత పొడవో రాసి ఉంది. కింద సంతకం పెట్టాను. తీగ పెట్టింది తనే కాబట్టి సర్కారు నుంచి ఏ సాయమూ రాదని ఆ రోజే అర్థమైంది.

పెద్దకర్మ అయిన రెండో రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "కోడ్ పోయింది, తుపాకి తీసుకున్న. రేపు రమ్మంటవామ్మా?" ఆయనకు జరిగింది తెలియదు. చెప్పాను. "వద్దంటే రాను" అన్నాడు.

అక్కను అడిగాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "రమ్మను" అంది. అంతే.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఊరి మగవాళ్లు డబ్బాలు మోగిస్తూ సర్కారు తుమ్మల్లోంచి పందుల్ని తోలారు. షూటరు చేను గట్టు మీద మోకాలి మీద కూర్చున్నాడు. నేనూ బీట్ ఆఫీసరమ్మా దూరంగా బోరు దగ్గర ఉన్నాం. గుంపు బయటికి వచ్చింది. ముందు ఒక తల్లి, దాని వెంట చారల పిల్లలు. ఆయన తుపాకి దించుకున్నాడు. అవి దాటి పోయాక వెనక వచ్చిన మగపందిని కాల్చాడు. ఒకటే దెబ్బ.

అక్క వస్తుందని ఎవరూ అనుకోలేదు. నెత్తి మీద కొంగు లాక్కుని వచ్చి దాని పక్కన నిలబడింది. డబ్బాలు మోగించిన వాళ్లంతా పక్కకు జరిగారు. షూటరు టోపీ తీసేశాడు. దాని ముట్టెకు ఇంకా మట్టి అంటుకుని ఉంది. అక్క దాన్ని తల నుంచి తోక దాకా చూసింది.

"గింతనేనా చెల్లె?" అంది. "నేను మస్తు పెద్దగుంటది అనుకున్న."

బీట్ ఆఫీసరమ్మ టేపుతో కొలిచింది. పొడవు, ఎత్తు, గాయం ఎక్కడ, ఎంత లోతు. గుంత తవ్వి, మాంసం ఎవరూ తీసుకోకుండా కిరోసిన్ పోసి పాతిపెట్టారు. పంచనామా కాగితం నా చేతికి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి నా వైపు చూసింది.

"ఆ రోజు ఫోన్ల అడిగిన గదక్కా."

"అబద్ధం చెప్పిన" అన్నాను.

ఊకో అక్కా అంటుందేమో, నీ తప్పు కాదు అంటుందేమో అని చూశాను. ఆ అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకుని స్కూటీ మీద వెళ్లిపోయింది.

పందులు వదిలేసిన పల్లిని మేమిద్దరమే పీకాం. ఇంకెవరినీ పిలవలేదు. రెండో రోజు పీకుతూ పీకుతూ నేను అక్కకు మొత్తం చెప్పాను, ఫోన్ సంగతీ, లైన్‌మన్ ఇంటి ముందు నుంచి పోయిన సంగతీ. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను. అక్క చెట్టు దులిపి కుప్పలో వేసింది.

"నువ్వు చెప్పుంటె మీ బావను జైల్ల ఏస్తుండె" అంది. "జైల్ల ఉంటే ఉన్నట్టే గదనే చెల్లె. ములాఖత్‌కు పోతుంటి."

మళ్లీ వంగి ఇంకో చెట్టు పట్టుకుంది.

చలికాలం పోకముందే మా పాలకవర్గం గడువు తీరింది. కొత్త ఎన్నికలు పెట్టలేదు. పంచాయతీకి ప్రత్యేకాధికారి వచ్చాడు. ఆయనకు ఇలాంటివి నాలుగైదు ఊళ్లు. సర్పంచే లేనప్పుడు పంది కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. జనం మాత్రం నా దగ్గరికే వచ్చేవారు. నాకు ముద్ర లేదు, అధికారం లేదు అని చెబితే నమ్మేవారు కాదు. బావ చెలక బీడు పడింది. అక్క కూలికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ తినడానికి ఏమీ లేక పందులు అవతలి చేలల్లో పడ్డాయి.

ఆ మరుసటి యాసంగిలో బావ చెలకకు ఆనుకుని మక్కజొన్న వేసిన ఒక రైతు తీగ పెట్టాడు. అతను అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సంగతి నాకు తెలుసు. మూడుసార్లు నేనే వెంట పోయాను. తీగ పెట్టాడని తెలిసిన గంటలోనే లైన్‌మన్ ఇంటికి నడిచిపోయి చెప్పాను. బీట్ ఆఫీసరమ్మకూ ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి తీగ పీకేశారు. అతని మీద కేసు రాయలేదు గాని, బోరు కనెక్షను కొన్నాళ్లు ఆపారు.

అతను మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ బావ పానం పోయిందని నా కడుపు మీద కొడ్తవా సర్పంచమ్మా? కాగితం ఇచ్చేటోడు లేడు, కాల్చేటోడు లేడు. నన్నేం జేయమంటవ్? చెప్పు, గదే జేస్త."

తల వంచుకుని నిలబడ్డాను. కాసేపు చూసి వెళ్లిపోయాడు. వారం తిరగకుండానే పందులు అతని చేనులో సగం పైగా పడగొట్టాయి. మిగిలింది పశువులకు వేసుకున్నాడు. ఇప్పటికీ పొద్దున మా ఇంటి ముందు నుంచే చేనుకు పోతాడు. నేను వాకిట్లో కనిపిస్తే మొఖం అటు తిప్పుకుంటాడు.